నీటి అంచు నుంచి మొదలుపెట్టాలి: ఊరి చెరువును చిత్తడి నేల పార్కుగా తీర్చిదిద్దే పద్ధతి

ఊరి చెరువును చిత్తడి నేల పార్కుగా తీర్చిదిద్దాలనుకునేవారు డ్రాయింగు వేయడానికి కూర్చునే ముందు, ఏడాది పొడవునా ఆ చెరువు నీటి అంచు ఎక్కడి నుంచి ఎక్కడికి జరుగుతుందో గుర్తులు పెట్టుకోవాలి. ఒకదాని కింద ఒకటిగా వరుసగా ఉండే తెలంగాణ గొలుసుకట్టు చెరువుల్లో ఏదైనా జూన్‌లో వాగు పారడం మొదలైనప్పటి నుంచి నిండుతూ, వానలు బాగా పడిన ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నాటికి మత్తడి దూకుతుంది, అంటే నిండగా మిగిలిన నీళ్లు పొర్లిపోయే కట్టడం మీదుగా పారుతుంది. యాసంగి నాట్లకు తూము తెరిచాక దిగడం మొదలై, ఏప్రిల్, మే నెలల్లో కట్ట దగ్గర లోతట్టున ఒక మడుగుగా మిగులుతుంది. ఈ రెండు మట్టాల మధ్య తడుస్తూ ఆరుతూ ఉండే నేలలోనే తుంగ మొలుస్తుంది, చేపపిల్లలు తలదాచుకుంటాయి, ఉల్లంకులు బురదలో ముక్కు గుచ్చి పురుగులు ఏరుకుంటాయి. ఆ మేరను మట్టితో పూడ్చి, చుట్టూ నిలువు గోడ కట్టి, గోడ మీద టైల్స్ పరిచి నడక దారి వేస్తే చెరువు పెద్ద తొట్టి అవుతుంది. అందులో నీళ్లుంటాయి గాని చిత్తడి నేల ఉండదు. మన ఊళ్లలో సుందరీకరణ పేరుతో జరిగిన పనుల్లో చాలా భాగం ఈ పొరపాటుతోనే మొదలైందని నా అభిప్రాయం.

గుర్తులు పెట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. కట్టకు ఎదురుగా ఉండే ఏటవాలు ఒడ్డున మూడు నాలుగు చోట్ల రంగు వేసిన ఇనుప చువ్వలు పాతి, పదిహేను రోజులకొకసారి నీటి అంచు ఏ చువ్వ దగ్గర ఉందో తేదీతో సహా రాసుకుంటే చాలు. గడచిన పదేళ్ల ఉపగ్రహ చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి వాటితో పోల్చుకోవచ్చు. ఊళ్లో నీరటి ఉంటే, అంటే తూము తెరిచి మూసి ఆయకట్టుకు నీళ్లు పంచే మనిషి ఉంటే, ఆయనతో ఒక పూట కట్ట మీద నడవాలి. ఏ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, కట్టకు ఎక్కడ ఊట కారుతుందో, పై చెరువు మత్తడి నీళ్లు ఏ దారిన వచ్చేవో ఆయన చెప్పగలిగినంత వివరంగా ఏ పటమూ చెప్పదు. ఆ నడకలో విన్న సంగతులను పటం మీద రాసుకుంటే అదే ప్రాజెక్టుకు మొదటి డ్రాయింగు.

ఆ తరువాత హద్దులు. పూర్తి నీటిమట్టం రేఖను, వాడుకలో ఎఫ్‌టీఎల్ అనే దాన్ని, రెవెన్యూ, నీటిపారుదల శాఖల చేత సర్వే చేయించి రాళ్లు పాతించాలి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల చుట్టూ 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నియమాలు ఇంకా కఠినమైనవి. గడచిన పదేళ్ల సగటు వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవల రేవు తప్ప శాశ్వత నిర్మాణం ఏదీ కూడదని అవి చెబుతాయి. అయితే సాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టిన చెరువులను ఆ నియమాలు తమ పరిధి నుంచి మినహాయించాయి. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన చిత్తడి నేలల అంతర్జాతీయ ఒడంబడిక మాత్రం మనుషులు తవ్విన జలాశయాలను కూడా చిత్తడి నేలలుగానే లెక్కించింది. చట్టం తప్పనిసరి చేయకపోయినా 50 మీటర్ల నియమాన్ని స్వచ్ఛందంగా పాటించి, టిక్కెట్ల గది, మరుగుదొడ్లు, ప్రదర్శనశాల అన్నీ ఆ మేరకు వెలుపలే పెట్టుకోవడం మంచిది. శిఖం భూమిలో, అంటే చెరువు నిండినప్పుడు మునిగే నేలలో, నీళ్లు దిగాక సాగు చేసుకునేవారిని ఆక్రమణదారులుగా జమకట్టి ముందే తరిమేయకూడదు. వారిలో కొందరికి శిఖం పట్టాలు ఉంటాయి, పట్టా లేని చోట కూడా తరాల వాడుక ఉంటుంది. వారితో ఒప్పందం కుదరకుండా పాతిన కంచె ఎంతోకాలం నిలవదు.

నీళ్లు వచ్చే దారి, పోయే దారి

బడ్జెట్‌లో మొదటి రూపాయి వాగు మీద ఖర్చు పెట్టాలి. గొలుసుకట్టులో పై చెరువు మత్తడి దూకిన నీళ్లే కింది చెరువుకు ఆధారం కాబట్టి, మధ్యలో ఆ కాలువను ఇళ్ల స్థలాలకు పూడ్చి ఉంటే పార్కు ఎంత అందంగా కట్టినా మూడో వేసవికి ఎండిన నేల మీద బల్లలు మిగులుతాయి. పట్టణాల శివార్లలో సమస్య తలకిందులుగా ఉంటుంది. వాన నీళ్లు రాకపోయినా మురుగు మాత్రం ఏడాది పొడవునా వస్తుంది. మురుగును పూర్తిగా పక్కకు మళ్లించడం ఒక పద్ధతి. అయితే వేసవిలో చెరువుకు వచ్చే నీరు అదొక్కటే అయినప్పుడు, శుద్ధి చేసి లోపలికి వదలడమే మేలు.

దీనికి ప్రవేశం దగ్గర మూడు అంచెలు కట్టుకోవచ్చు. మొదట చెత్తను ఆపే ఇనుప జాలి, తరువాత మట్టి, మడ్డి అడుగుకు దిగే లోతైన గుంట, ఆ తరువాత సుమారు 60 సెంటీమీటర్ల లోతున కంకర నింపి జమ్ము, తుంగ, మెట్టతామర నాటిన పడక. నీరు కంకర పైకి తేలకుండా లోపలే మెల్లగా సాగుతూ కొన్ని రోజులు అక్కడ నిలవాలి. మురికిని కరిగించే పని ప్రధానంగా కంకరనూ వేళ్లనూ పట్టుకుని బతికే సూక్ష్మజీవులది. మొక్కలు వాటికి చోటిచ్చి, కొంత నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటాయి. అందుకే మొక్కలను ఏడాదికి ఒకటి రెండుసార్లు కోసి బయటికి తీసుకుపోవాలి. కోయకుండా వదిలేస్తే అవి కుళ్లి, పీల్చుకున్నదంతా తిరిగి నీళ్లలోనే కలుస్తుంది. పర్యావరణ విద్యకు పార్కులో దీన్ని మించిన చోటు దొరకదు కాబట్టి, ప్రతి అంచె పక్కనా పిల్లలు నిలబడి గాజు సీసాలో నీళ్లు పట్టుకునేందుకు వీలుగా ఒక చిన్న అరుగు, ఒక కుళాయి ముందే డ్రాయింగులో చేర్చాలి. మూడు సీసాలు పక్కపక్కన పెట్టి చూసిన పిల్లవాడికి వేరే పాఠం అక్కరలేదు.

నీళ్లు పోయే దారి విషయంలో ఒకటే సూత్రం: మత్తడి జోలికి పోకూడదు. పడవలు ఏడాదంతా తిరగాలన్న ఆశతో మత్తడి ఎత్తు పెంచితే పైన శిఖం భూములు మునుగుతాయి, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, తడిసి ఆరే అంచు కూడా నీటి కింద శాశ్వతంగా కప్పబడిపోతుంది. చుట్టుపక్కల ప్లాట్లను కాపాడటానికి మత్తడిని కొట్టి దించడం కూడా అంతే తప్పు. మత్తడి దిగువన వరద పారే మేరలో వంతెన వేసినా, బల్లలు వేసినా నీళ్లకు అడ్డం కాకుండా చూసుకోవాలి.

ఒడ్డు మలచడం

కట్టకు నీటి వైపున రాతి పరుపు ఉండాల్సిందే, ఎందుకంటే గాలికి లేచే అలలు మట్టిని కోసేస్తాయి. మిగిలిన మూడు వైపులా రాయి అక్కరలేదు. అక్కడ పది అడుగులు నడిస్తే ఒక అడుగు దిగేంత మెల్లని వాలు ఉంచాలి. పూడిక తీసేటప్పుడు కాంట్రాక్టరు సహజంగానే అంతా ఒకే లోతుకు తవ్వుతాడు, ఎందుకంటే కొలతకు, బిల్లుకు అదే సులువు. డ్రాయింగులో లోతులను వేరువేరు రంగులతో చూపించి, మోకాలి లోతు మేర ఎంత, నడుము లోతు మేర ఎంత, వేసవి మడుగు ఎక్కడ అన్నది టెండరులోనే రాయాలి. కట్ట పాదం దగ్గర తవ్వితే ఊట పెరిగి కట్టకే ముప్పు వస్తుంది కాబట్టి అక్కడ కొంత దూరం వదిలేయాలి. తెలంగాణలో చెరువుల పునరుద్ధరణకు చేపట్టిన మిషన్ కాకతీయ పనుల్లో రైతులు పూడిక మట్టిని తమ పొలాలకు తోలుకున్నట్టే ఇక్కడా ఆ మట్టి పొలాలకు చేరాలి గాని, ఒడ్డున కుప్పపోసి గడ్డి పరిచి గుట్టలు చేయడం కూడదు. మొదటి పెద్ద వానకే అది మళ్లీ చెరువులోకి దిగుతుంది.

పక్షుల కోసం మధ్యలో దీవి వేయాలా వద్దా అన్న ప్రశ్న ప్రతి ప్రాజెక్టులోనూ వస్తుంది. దీనికి మన నేల మీదే 650 ఏళ్ల కిందటి ఒక అభ్యంతరం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు చెరువు కట్టించి 1369లో వేయించిన శాసనం, మంచి చెరువుకు పన్నెండు సాధనాలు ఉండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ చెప్పి, మధ్యలో తాబేలు వీపులా మెట్ట ఉండటాన్ని దోషాల్లో ఒకటిగా లెక్కించింది. సాగునీరే పరమార్థంగా చూసినవారికి మెట్ట అంటే నీళ్లు నిలవని చోటు. ఆ మాట ఈనాటికీ సరైనదే కాబట్టి, దీవి వేయదలచుకుంటే అదే చెరువులో తవ్విన మట్టితో, చిన్నదిగా, వానాకాలంలో కొంత భాగం మునిగేంత ఎత్తులోనే వేసి, ఆయకట్టుకు అందే నీటి నిల్వ తగ్గలేదని లెక్క కట్టి రైతులకు చూపించాలి. చాలా చోట్ల దీవి బదులు నీళ్లలో నిలిచే చెట్లే సరిపోతాయి. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంలో గూడబాతులు గూళ్లు కట్టేది నీళ్లలో నిలబడిన, కడప అనే పేరున్న చెట్ల మీదే. మన చెరువుల్లో నల్లతుమ్మ కూడా ఆ పని చేస్తుంది. చెట్లు ఎదగడానికి ఏళ్లు పడతాయనుకుంటే కొల్లేటి ఆటపాకలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చేసినట్టు ఇనుప స్టాండ్లు పాతవచ్చు. అవి తాత్కాలిక ఏర్పాటుగానే ఉండాలి, వాటి పక్కనే మొక్కలు నాటాలి.

మనుషులు తిరిగే చోటు

చెరువు చుట్టూ పూర్తిగా తిరిగే దారి వేయాలన్న కోరికను ఆపుకోవడం డిజైనరుకు కష్టమే. కట్ట పొడవునా, దానికి ఆనుకుని ఒక పక్క ఒడ్డున దారి వేసి, ఎదుటి ఒడ్డును పూర్తిగా పక్షులకు వదిలేయాలి. మనిషి అలికిడి లేని ఒక్క పక్క కూడా లేకపోతే చలికాలంలో దిగే పరజలు రెండు రోజులు చూసి వెళ్లిపోతాయి. పక్షులను చూసే చాటు గదులను తూర్పు ఒడ్డున, పడమటికి ముఖం పెట్టి కట్టాలి. పొద్దున చూసేవారికి ఎండ వీపు వెనుక ఉంటుంది, పక్షి రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. చూపు కిటికీలను పెద్దలకు ఒక ఎత్తులో, పిల్లలకు, చక్రాల కుర్చీలో వచ్చేవారికి మరో ఎత్తులో పెట్టాలి. నీళ్ల మీదుగా వేసే నడవంతెన పై మట్టం మత్తడి మట్టం కంటే మాత్రమే కాదు, మత్తడి మీదుగా వరద పారేటప్పటి మట్టం కంటే కూడా పైన ఉండాలి. దారి వాలు 12 అడుగులకు ఒక అడుగు మించకూడదు. హైమాస్ట్ దీపాలు, మ్యూజికల్ ఫౌంటెన్, లేజర్ షో అడిగేవారు ప్రతి సమావేశంలోనూ ఉంటారు. వాటికి ఊరి నడిమి కూడలి తగిన చోటు. చెరువు దగ్గర రాత్రి చీకటిగానే ఉండాలి, దారి దీపాలు మోకాలి ఎత్తున, కిందికి వెలుగు పడేలా ఉంటే చాలు.

పర్యావరణ విద్య అనగానే కాంట్రాక్టర్లు రంగుల బోర్డులు ముద్రిస్తారు. పేరాలకు పేరాలున్న బోర్డు ముందు పిల్లలు నిలబడరు. వారి చేతికి పని దొరకాలి. తూము పక్కన సెంటీమీటర్ల గీతలతో ఒక గేజి స్తంభం పాతి, ప్రతి సోమవారం ఊరి బడి పిల్లలే నీటిమట్టం చదివి రిజిస్టరులో రాసే ఏర్పాటు చేయవచ్చు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న నలుపు తెలుపు పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దించి, అది కనుమరుగైన లోతును కొలిస్తే నీటి తేటదనం ఎంతో తెలుస్తుంది. ఈ పరికరాన్ని బడిలోనే చేసుకోవచ్చు. మోకాలి లోతుకు మించని ఒక చిన్న గుంటను ప్రధాన చెరువు నుంచి వేరు చేసి, చేతి వలలతో తూనీగ పిల్లలను, నీటి పురుగులను పట్టి, చూసి, మళ్లీ వదిలేందుకు కేటాయించాలి. దక్షిణాసియాలో 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతున్న నీటిపక్షుల గణనలో ఈ చెరువును చేర్పిస్తే, పిల్లలు రాసిన లెక్క బయటి ప్రపంచానికి కూడా పనికొస్తుంది.

పాఠాలను కూడా నీటి అంచును బట్టే అమర్చుకోవాలి. జూన్, జూలైలో కొత్త నీరు, కప్పలు. బతుకమ్మ నాటికి పూలు, మత్తడి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పక్షులు. మార్చిలో బయటపడిన బురద మీద అడుగు జాడలు. ఫిబ్రవరి 2 చిత్తడి నేలల దినోత్సవం కాబట్టి ఏటా ఒక రోజు ఊరందరినీ పిలవడానికి అనువుగా ఉంటుంది. పాఠం చెప్పే పనిని బయటి నిపుణులకే అప్పగించకుండా నీరటికి, చేపలు పట్టే బెస్త, ముదిరాజ్ కుటుంబాల పెద్దలకు గౌరవ వేతనం ఇచ్చి అప్పగించాలి. కొర్రమీను తన పిల్లల గుంపును ఎలా కాపలా కాస్తుందో కళ్లారా చూసినవారు చెబితే పిల్లలకు పట్టుబడుతుంది.

వారసత్వం ఎక్కడ ఉందో చూడటం

సాంస్కృతిక వారసత్వ కేంద్రం అంటే కాకతీయ తోరణం నమూనాను సిమెంటులో పోతపోసి ప్రవేశద్వారంగా నిలపడమే అన్న అలవాటు ఒకటి పాతుకుపోయింది. చెరువు దగ్గర నిజమైన వారసత్వం తూము రాళ్లలో, మత్తడి కట్టుబడిలో, కట్ట మైసమ్మ గుడిలో, చాకిరేవు బండల్లో ఉంది. గణపతిదేవుని కాలపు పాకాల, రేచర్ల రుద్రుని రామప్ప చెరువు ఈనాటికీ పంటలకు నీళ్లిస్తున్నాయంటే వాటిని కట్టినవారి నేర్పే అక్కడి ప్రదర్శన వస్తువు. 1213 నాటి రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, ఆ గుడిని చెరువుతో కలిపి చూపినప్పుడే కథ పూర్తవుతుంది. మన ఊరి చెరువు అంతటిది కాకపోయినా, దాని తూము రాళ్ల మీద రంగు పూయకుండా, సందుల్లో సిమెంటు కూరకుండా, అవసరమైతే సున్నపు గచ్చుతోనే మరమ్మతు చేయించాలి. శాసనం ఉన్న రాయి కనబడితే ఆమ్లంతో కడగకుండా, అక్షరాల్లో సుద్ద నింపకుండా, ఉన్న చోటు నుంచి కదల్చకుండా పురావస్తు శాఖకు తెలియజేసి, పైన చిన్న కప్పు వేస్తే చాలు.

ప్రదర్శన గది చిన్నదైనా ఫరవాలేదు. అందులో నీళ్లు పోస్తే పనిచేసే తూము నమూనా ఒకటి, విసురు వల, మావు, గాలం వంటి వేట సామగ్రి, ఆ ఊరి గొలుసుకట్టు పటం ఉంటే సరిపోతుంది. పోరుమామిళ్ల శాసనంలోని పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను తేలిక తెలుగులో గోడ మీద రాయించి, మన చెరువుకు వాటిలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో పిల్లల చేతే గుర్తు పెట్టించవచ్చు. కట్ట నుంచి నీరు కారడం, ఉప్పు నేల, ఉన్న నీటికి మించిన ఆయకట్టు వంటి దోషాలు ఇప్పటి ఇంజినీరుకూ అంతే సూటిగా అర్థమవుతాయి. పోరుమామిళ్ల చెరువు కట్టే పని రోజుకు వెయ్యి మంది కూలీలతో, వంద బండ్లతో రెండేళ్లు సాగిందని కూడా ఆ శాసనమే చెబుతుంది.

బతుకమ్మ విషయం ఇంకాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ప్రకృతి, సంస్కృతి ఇక్కడ ఒకే మొక్క మీద కలుస్తాయి. గునుగు, తంగేడు బీడుల్లో, చేల గట్ల మీద, చెరువు శిఖం అంచుల్లో ఎవరూ నాటకుండా పెరుగుతాయి. పార్కు పేరుతో అక్కడ లాన్ పరిచి వారానికోసారి కోస్తే, కొద్ది ఏళ్లలో ఆడవాళ్లు బతుకమ్మకు పూలను బజారులో కొనుక్కోవలసి వస్తుంది. అందుకని ఎఫ్‌టీఎల్‌కు పైనున్న నేలలో కొంత భాగాన్ని గునుగు బీడుగా వదిలేసి, జూన్ నుంచి పండుగ దాకా కోత లేదని మాలీకి రాతపూర్వకంగా చెప్పాలి. బతుకమ్మ ఘాటుకు వెడల్పాటి మెట్లు, కూడి ఆడుకునేంత మట్టి మైదానం, చివరి మెట్టు దగ్గర మోకాలి లోతు మించని నీళ్లు ఉండాలి. పండుగ మర్నాడు పూలను వలలతో తీసి ఎరువు గుంటకు చేర్చాలి. వినాయక నిమజ్జనానికి చెరువుతో సంబంధం లేని వేరే గుంట కట్టి, మట్టి విగ్రహాలకే అనుమతి ఇవ్వాలి. చాకిరేవును తీసివేయడం కంటే, సబ్బు నీళ్లు కంకర పడకకు వెళ్లేలా వేరే కాలువ తీయడం న్యాయం. బర్రెలు దిగే రేవు కూడా ఉండాలి. చెరువు వాడుకలో ఉన్నన్నాళ్లే ఈ వారసత్వం బతికి ఉంటుంది, వాడుకదారులను బయటికి పంపి వారి బొమ్మలను లోపల పెట్టడం నాకు ఎబ్బెట్టుగా తోస్తుంది.

పనుల వరుస కూడా డిజైనులో భాగమే. మొదటి ఏడాది హద్దురాళ్లు, వాగు, కంకర పడక, కట్ట ఊటల మరమ్మతు పూర్తి చేసి ఒక వానాకాలం గడవనివ్వాలి. నీరు అనుకున్న మట్టాలకే ఎక్కి దిగిందని చూసుకున్నాక, రెండో ఏడాది ఒడ్డు, మొక్కలు చేపట్టి, ఆ తరువాతే నడవంతెన, గదులు కట్టాలి. గుర్రపు డెక్క ఒక మూల కనిపించిన వెంటనే, పూత రాకముందే తీయించే కూలి ఖర్చును ఏటా నిర్వహణ పద్దులో రాసుకోవాలి. చెరువంతా కప్పుకున్నాక యంత్రాలతో తీయించడం చాలా ఖరీదు.

అన్నిటికంటే ముఖ్యంగా, ప్రారంభోత్సవానికి ముందే ఒక ఒప్పంద పత్రం సిద్ధం కావాలి. ఆయకట్టు రైతులకు యాసంగి చివరి తడి కావాలి, మత్స్యకార సంఘానికి చేపలు బతికే నీళ్లు కావాలి, పార్కుకు పక్షులు వెళ్లేదాకా బురద అంచు కావాలి. ఈ మూడూ మార్చి నెలలోనే ఢీకొంటాయి. తూము ఎవరు తెరుస్తారు, గేజి స్తంభం మీద ఏ గీత దాకా దించవచ్చు, వానలు తక్కువైన ఏడాది ఆ గీత ఎక్కడికి మారుతుంది అన్న మూడు విషయాలు ఆ పత్రంలో అంకెలతో సహా ఉండాలి. అందరి సంతకాలూ అయ్యాక ఒక ప్రతిని తూము గది గోడకు చట్రం కట్టించి తగిలించాలి.